పిల్లలకు పుస్తకం చదివి వినిపించడం: మొదటి పేజీ నుంచి సొంతంగా చదువుకునే దాకా

అవ్వ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పెరిగిన చాలామంది ఇలా కథలు విన్నవాళ్ళే. ఇప్పుడు అవ్వ ఊళ్ళో ఉంది, మనవడు ఒంగోల్లోనో నెల్లూరులోనో అద్దె ఇంట్లో ఉన్నాడు, ఇద్దరికీ మధ్య ఫోన్ ఉంది. పుస్తకం చదివి వినిపిస్తే అవ్వ లోటు తీరుతుందని నేను చెప్పను. పుస్తకం చేసే పని వేరు.

ఇంట్లో రోజూ మనం పిల్లలతో ఆడే మాటలు చాలా తక్కువ. తిన్నావా, హోంవర్క్ అయిందా, ఫోన్ అక్కడ పెట్టు, చెప్పులేసుకో. ఎంత ప్రేమగా అన్నా అవే మాటలు తిరుగుతుంటాయి. గుబులు, తటపటాయించడం, తెరచాప, ఆనవాలు లాంటి మాటలు పిల్లల చెవిన పడేది ఎక్కువగా పుస్తకంలోంచే. వాక్యం కూడా అంతే. ‘అతను వస్తాడనుకున్న దారిలో కాకుండా’ అనే మలుపు భోజనాల దగ్గర మాటల్లో అరుదు.

1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక లెక్కలా చెప్పారు. అక్షరాల్ని మాటలుగా పలకగలగడం ఒకటి, ఆ భాషను చెవితో విన్నా అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే చదవడం. కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా ఉంటే జవాబు సున్నానే. మన బళ్ళలో మొదటిదాని మీద బోలెడు కష్టపడతారు. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టుబడేసరికి రెండు మూడేళ్ళు పోతాయి. రెండోదాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. నాలుగో తరగతి పిల్లాడు పాఠం గడగడా చదివేసి, "ఏం అర్థమైంది నాయనా?" అనగానే బిక్కమొహం వేస్తే, లోటు ఎక్కువగా ఆ రెండోవైపే ఉంటుంది. అది పెరిగేది ఇంట్లో, వినడం వల్ల. చాలామంది పిల్లలకు దాదాపు ఎనిమిదో తరగతి దాకా కంటితో చదివినదానికన్నా చెవితో విన్నది ఎక్కువగా అర్థమవుతుంది. కాబట్టి ‘వాడికి చదవడం వచ్చేసిందిగా, ఇంక నేనెందుకు’ అని రెండో తరగతిలోనే ఆపేయకండి.

మొదటి అడుగు: వేళ కుదుర్చుకోండి

పావుగంట చాలు. రాత్రి అన్నాలయ్యాక, పడుకోబోయే ముందు అనుకుంటే చాలా ఇళ్ళలో కుదురుతుంది. గంటసేపు ఆదివారం ఒక్కరోజు చదవడం కన్నా రోజూ పది నిమిషాలు మేలు. టీవీ ఆపాలి, మీ ఫోన్ వేరే గదిలో పెట్టాలి. ఒళ్ళో పుస్తకం, పక్కన వెలిగే ఫోన్ ఉంటే పిల్లలు చూసేది ఫోన్ వైపే. మీరూ అంతే.

అందరికీ రాత్రులు ఖాళీగా ఉండవు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు కాల్చే రోజుల్లో, రొయ్యల గుంటల కాడ కాపలా ఉన్నప్పుడు రాత్రి వేళ అసలు కుదరదు. అలాంటి ఇళ్ళలో పొద్దున బడికి పోయే ముందు, జడలు వేసేటప్పుడు ఒకరు జడ వేస్తుంటే ఇంకొకరు చదవొచ్చు. బేల్దారి పనికి బెంగళూరో హైదరాబాదో వెళ్ళిన తండ్రి వీడియో కాల్‌లో చదవొచ్చు. ఒకే పుస్తకం రెండు కాపీలు ఉండి, ఒకటి ఆయన సంచిలో ఒకటి పిల్లల దగ్గర ఉంటే మరీ బాగుంటుంది. వాయిస్ మెసేజ్ పంపడం కూడా పర్లేదు గానీ దాంట్లో పిల్లలు మధ్యలో మాట్లాడే వీలుండదు. అసలు లాభమంతా ఆ మాటల్లోనే ఉందని కింద ఐదో అడుగులో తెలుస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి? అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, పసిబిడ్డగా ఉన్నప్పటి నుంచే చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని 2014లో తన డాక్టర్లకు సూచించింది. నెలల బిడ్డకు కథ అర్థం కాదు, గొంతు అర్థమవుతుంది. ఏడాది బిడ్డ పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటుంది, పెట్టుకోనివ్వండి. దళసరి అట్ట పుస్తకాలు అందుకే ఉన్నాయి. మీ పిల్లలకు ఇప్పటికే ఏడెనిమిదేళ్ళు వచ్చాయంటే ఆలస్యమైందని బెంగ వద్దు, ఈ రాత్రి మొదలుపెట్టండి.

రెండో అడుగు: పుస్తకం ఎక్కడ దొరుకుతుంది, ఏది ఎంచుకోవాలి

ముందు దొరికే చోట్లు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసే సొమ్ము అది. అంటే మీ ఊరి శాఖా గ్రంథాలయానికి మీరు డబ్బులు ఇప్పటికే కట్టేశారు. వెళ్ళి సభ్యత్వం తీసుకుని పిల్లల పుస్తకాలు ఇంటికి అడగండి. లేవంటే తెప్పించమని అడగండి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, 2022లో జిల్లాలు మార్చేదాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. అలాంటి గ్రంథాలయం నిలబడిన ప్రాంతంలో లైబ్రరీ అంటే పోటీ పరీక్షల కుర్రాళ్ళు కూర్చునే చోటు అని మాత్రమే అనుకోవడం నాకైతే నచ్చదు.

కొనదలిస్తే నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాలు, హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి తక్కువ ధరలో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అని ఒక సైట్ పెట్టారు. అందులో తెలుగు బొమ్మల కథలు ఉచితం, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. బడి లైబ్రరీ బీరువా తాళం వేసి ఉంటే హెచ్‌ఎం గారిని మర్యాదగా అడగండి. ఒక్కోసారి ఎవరూ అడగకపోవడమే తాళం పడటానికి కారణం.

ఎంపికలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. పిల్లలు తమంతట తాము చదువుకునే పుస్తకం తేలికగా ఉండాలి, పేజీకి రెండు మూడు మాటలు తెలియకపోతే ఫరవాలేదు, ఐదారు దాటితే ఆ పుస్తకం కష్టమే. మీరు చదివి వినిపించేది మాత్రం వాళ్ళ తరగతికి ఒకటి రెండు మెట్లు పైన ఉండొచ్చు, ఉండాలి కూడా.

నీతికథలు తప్ప ఇంకేవీ కొనని ఇళ్ళున్నాయి. చివర నీతి ఉంటుందని తెలిసిన పిల్లలు కథ వినడం మానేసి నీతి కోసం కాచుకుంటారు. నవ్వించే కథలు, భయపెట్టే కథలు, పక్షుల గురించి, రాకెట్ల గురించి పుస్తకాలు కూడా ఉండనివ్వండి. శ్రీహరికోట రాకెట్ పోతుంటే డాబా ఎక్కి చూసే పిల్లలకు రాకెట్ పుస్తకం కన్నా ఊరించేది ఏముంటుంది? చలికాలంలో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళి గూడబాతుల్ని చూడబోయే ముందు వారం పక్షుల పుస్తకం చదవండి, చూసొచ్చాక మళ్ళీ అదే చదవండి. రెండోసారి పిల్లలే మీకు పాఠం చెబుతారు.

మూడో అడుగు: ముందు మీరు చదవండి

ఎక్కువ మంది వదిలేసేది ఈ అడుగునే. పుస్తకం తెచ్చి నేరుగా పిల్లల ముందు తెరుస్తారు. రెండో పేజీలో ఏముందో తెలియకుండా మొదటి పేజీ ఎలా చదవాలో తెలియదు. ఐదు నిమిషాలు కేటాయించి ఒక్కరే మనసు పెట్టి చదవండి. మూడు సంగతులు చూసుకోండి: కథ ఎక్కడ మలుపు తిరుగుతోంది, పిల్లలకు తెలియని మాటలు ఏవి, పుస్తకం చెప్పకుండా వదిలేసినది ఏది. మూడోదే ముఖ్యం. ఆగాల్సింది అక్కడే. పేజీ అంచున పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. లైబ్రరీ పుస్తకమైతే చిన్న కాగితం ముక్క.

నాలుగో అడుగు: గొంతు

నటన రానక్కర్లేదు. నిదానం కావాలి. మీకు మరీ నెమ్మదిగా అనిపించే వేగమే పిల్లలకు సరైన వేగం.

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. కాదు, లేదు అనేవి కూడా చివరే. "చిన్నోడు కొట్టుకు పోయి, బెల్లం కొని, ఇంటికి తెచ్చి, అమ్మకు ఇవ్వలేదు" అనే వాక్యంలో ఆఖరి మాట వినపడకపోతే కథే మారిపోతుంది. మనలో చాలామందికి వాక్యం చివరకొచ్చేసరికి గొంతు దించేయడం అలవాటు. అక్కడే కాస్త గట్టిగా పలకండి. పోయి, కొని, తెచ్చి అన్నచోటల్లా చిన్న విరుపు ఇవ్వండి. పొడుగాటి వాక్యం పిల్లలకు అందేది ఆ విరుపుల వల్లనే.

ఇంకో సందేహం: పుస్తకంలో ‘వెళ్తున్నాడు’ అని ఉంటే మనింట్లో ‘పోతుండాడు’ అంటాం, మార్చి చదవాలా? వద్దు. ఉన్నది ఉన్నట్టు చదవండి. పుస్తకం మూసి మాట్లాడేటప్పుడు మాత్రం మన మాటే మాట్లాడండి. "ఎట్టా పోయుంటాడంటావ్?" అని అడిగితే పిల్లలు కూడా ‘పోతుండాడు’ అనే జవాబు చెబుతారు. దాన్ని దిద్దొద్దు. రెండు రకాల తెలుగూ వాళ్ళ దగ్గర ఉండాలి, ఒకటి ఇంకోదాన్ని తరిమేయకూడదు.

నాలుగైదేళ్ళ పిల్లలకైతే చదివే వరుస కింద వేలు నడపండి. మనం పలికే మాటకీ పేజీ మీది గుర్తులకీ ముడి ఉందని వాళ్ళకు తెలిసేది అలాగే. ‘ఇది ఏ అక్షరం?’ అని మధ్యలో పరీక్ష పెట్టొద్దు. అక్షరాలకు మార్కాపురం పలక ఉంది, పలక పట్టే వేళ వేరే ఉంది.

ఐదో అడుగు: ఆగండి, అడగండి

1988లో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు, ఆయన బృందం రెండేళ్ళ వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొంతమంది తల్లిదండ్రులకు చదివే తీరు మార్చుకోమని చెప్పారు: ఊరికే చదువుకుంటూ పోకుండా ప్రశ్నలు అడగండి, పిల్లలు ఏం చెబితే దాన్ని కాస్త పెంచి తిరిగి చెప్పండి అని. మిగతావాళ్ళు తమ ధోరణిలోనే చదివారు. అందరూ దాదాపు సమానంగా చదివినా, మాట కలిపిన ఇళ్ళలోని పిల్లలు భాషా పరీక్షల్లో ముందున్నారు. ఇక్కడే ఊ కొట్టడానికీ మాట కలపడానికీ తేడా. ఊ కొడితే వింటున్నట్టు తెలుస్తుంది. ఆలోచిస్తున్నట్టు తెలియాలంటే పిల్లలు ఊ దాటి నోరు విప్పాలి.

ఎలా అడగాలో చూపించడానికి ఐదు వాక్యాలు రాస్తున్నాను:

"మైపాడు రేవులో పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. పోలయ్య పడవ ఒక్కటే రాలేదు. గట్టు మీద కూర్చున్న చిన్నీ లాంతరు వత్తి పెంచింది. ‘నూనె అయిపోతుందే’ అని అవ్వ కసిరింది. చిన్నీ వత్తి తగ్గించలేదు."

మొదటిసారి ఆగకుండా చదవండి. చదివాక ఒక్క నిమిషం ఊరుకోండి. ఊరుకోవడం చాలా కష్టం, మనకు వెంటనే ‘కథలో నీతి ఏంటి?’ అని అడగాలనిపిస్తుంది. ఊరుకుంటే పిల్లలే మొదలుపెడతారు. లేదంటే మీరు అడగండి.

"పడవలన్నీ వచ్చాయా? ఎవరి పడవ రాలేదు?" లాంటివి పేజీలోనే జవాబు ఉన్న ప్రశ్నలు. ఒకటి చాలు. రెండు మూడు అడిగితే బడి అయిపోతుంది.

"పోలయ్య చిన్నీకి ఏమవుతాడు?" ఇది అసలు ప్రశ్న. పేజీలో ఎక్కడా లేదు. ఆరేళ్ళ పాప "వాళ్ళ నాయన" అంటుంది. "అట్టాగని పుస్తకంలో లేదే, నీకెట్టా తెలిసింది?" అనండి. "మరి అంతసేపు కూర్చోనుండాదిగా" అంటుంది. అప్పుడు మీరు ఆ మాటనే కొంచెం పెంచండి: "అవును, అందరి పడవలూ వచ్చినా ఇంటికి పోకుండా గట్టు మీదే ఎదురుచూస్తోంది. సొంత మనిషే అయ్యుండాలి." పాప చెప్పిన చిన్న వాక్యం పుస్తకపు వాక్యమంత పొడుగైంది, ఎవరూ దిద్దకుండానే. ఇంకో పిల్లాడు "తాత" అనొచ్చు. అదీ ఒప్పే, కారణం చెబితే. "పులి" అంటే నవ్వి, మళ్ళీ చదవండి.

"వత్తి ఎందుకు పెంచింది?" చీకట్లో పడవకు దీపం కనబడాలని. దీన్ని పట్టుకోవడానికి పిల్లలకు కొంచెం టైమ్ పడుతుంది. మీరు చెప్పేయకండి. ఇవాళ తట్టకపోతే రేపు మళ్ళీ చదివినప్పుడు తడుతుంది. పిల్లలు జవాబు ఆలోచిస్తున్నప్పుడు మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగండి.

"అవ్వ కసిరింది కదా, అవ్వకు చిన్నీ అంటే ఇష్టం లేదా?" పెద్ద పిల్లలకు ఈ ప్రశ్న. నూనె ఖరీదు, అవ్వ కూడా లోపల భయపడుతోందేమో, భయాన్ని కోపంగా చూపే పెద్దవాళ్ళు. పది పన్నెండేళ్ళ పిల్లలు దీని మీద మీకన్నా ఎక్కువ మాట్లాడతారు, ఉదాహరణలు మీ ఇంట్లోంచే ఇస్తారు. సిద్ధంగా ఉండండి.

"నువ్వైతే ఏం చేస్తావ్?" అని చివర అడగొచ్చు. ప్రతిసారీ వద్దు, అరిగిపోతుంది.

ఒక రాత్రికి మూడు నాలుగు చోట్ల ఆగితే చాలు. ఉత్కంఠగా ఉన్నచోట ప్రశ్న అడగడం నేరం, చదువుకుంటూ పోవాలి.

ఆరో అడుగు: అదే పుస్తకం, మళ్ళీ

పిల్లలు అదే పుస్తకం మళ్ళీ మళ్ళీ అడుగుతారు. మనకు విసుగు, వాళ్ళకు కాదు. మొదటిసారి కథ పట్టుకుంటారు, రెండోసారి కారణాలు, మూడోసారి మాటలు. మాట మార్చి చదివితే ‘అక్కడ అట్టా లేదు’ అని నిలదీస్తారు చూడండి, మనసు పెట్టి వింటున్నారనడానికి అంతకన్నా రుజువు లేదు. నాలుగోసారి మీరు వాక్యం సగంలో ఆపి వాళ్ళను పూర్తి చేయనివ్వండి. పది పుస్తకాలు ఒక్కోసారి చదివే బదులు మూడు పుస్తకాలు మూడేసి సార్లు చదవమనే నేను చెబుతాను.

ఏడో అడుగు: పుస్తకం పిల్లల చేతికి

ఆరేడేళ్ళకు పిల్లలు కూడబలుక్కుని చదవడం మొదలుపెడతారు. క-త్తి-రిం-చి అని ఒక్కో అక్షరం పోగేసుకుంటూ వాక్యం చివరకొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. అప్పుడు చేయాల్సింది ఇది. ముందు మీరు ఒక పేరా చదవండి. తర్వాత ఇద్దరూ కలిసి గొంతు కలిపి అదే పేరా చదవండి. మూడోసారి పిల్లలు ఒక్కరే చదవాలి. ఒక మాట దగ్గర ఆగిపోతే కాసేపు చూసి, ఆ మాట మీరే అందించి ముందుకు పోండి. ప్రతి తప్పు దగ్గరా ఆపితే కథ చచ్చిపోతుంది. అర్థం మారిపోయే తప్పయితేనే "మళ్ళీ ఒకసారి చూడు నాయనా" అనండి.

వేగం గురించి ఒక మాట. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో రెండో తరగతి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి వాళ్ళు కనీసం 60 చదవాలని లక్ష్యం పెట్టారు. అర్థం చేసుకుంటూ అన్నది అందులో ఉంది. స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునే తల్లిదండ్రులు ఆ ముక్క వదిలేస్తున్నారు. మరీ నెమ్మదిగా చదివితే అర్థం జారిపోతుంది కాబట్టి వేగం కావాలి, అంతవరకే.

ఇంగ్లిష్ మీడియం పిల్లలున్న ఇళ్ళకు ఒక ఉపాయం. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2020 నుంచి రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. సైన్స్ పాఠం ముందు తెలుగు పేజీ పైకి చదివి మాట్లాడుకుని, తర్వాత ఇంగ్లిష్ పేజీకి పోతే పాఠం సగం తేలికవుతుంది.

ఎనిమిదో అడుగు: మనసు పెట్టి చదవడం

మూడో తరగతి దాటాక పిల్లలు లోపల చదువుకుంటారు. కళ్ళు వరుసల మీద నడుస్తుంటాయి, మనసు క్రికెట్ మీద ఉంటుంది. దీనికి తిట్లు పనిచేయవు, పద్ధతి పనిచేస్తుంది.

రెండు మూడు పేరాల ముక్క తీసుకోండి. మొదటిసారి ఆగకుండా చదవమనండి. రెండోసారి పెన్సిల్ ఇచ్చి, అర్థం కానిచోట ప్రశ్న గుర్తు, ఆశ్చర్యం వేసినచోట ఒక గీత పెట్టమనండి. ఒక్క గుర్తూ పడకపోతే చదవలేదనే అర్థం. తర్వాత పుస్తకం మూయించి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పమనండి. అప్పజెప్పడం వద్దు. పుస్తకంలోని వాక్యాలే తిరిగొస్తుంటే "అది సరే, పక్కింటి పాపకైతే ఎట్టా చెబుతావ్?" అని అడగండి. ఆఖర్న ప్రశ్న గుర్తుల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. తెలియని మాట ఉంటే ముందూ వెనకా చదివి ఊహించాలి, ఆ తర్వాతే నిఘంటువు. మీకూ తెలియకపోతే తెలియదనే చెప్పండి, కలిసి వెతకండి.

వారానికి రెండుసార్లు చాలు. మిగతా రోజులు వాళ్ళ ఇష్టానికి చదువుకోనివ్వండి, కామిక్స్ అయినా సరే. చదివిన ప్రతిదానికీ ప్రశ్నలు వేస్తే పుస్తకం చూస్తేనే టెన్షన్ పట్టుకుంటుంది.

ఎదురయ్యే చిక్కులు

కుదురుగా కూర్చోరు. కూర్చోనక్కర్లేదు. బొమ్మలు వేసుకుంటూ, బఠాణీలు ఒలుస్తూ వినొచ్చు. చేతులకు పని ఉంటే చెవులు బాగా పనిచేసే పిల్లలున్నారు.

ఇద్దరు పిల్లలు, వయసు తేడా. పెద్దదాని చేత చిన్నోడికి చదివించండి. చిన్నోడు అడిగే ప్రశ్నలకు పెద్దది జవాబు చెప్పాలి. ఇద్దరికీ లాభమే. పెద్దదానికి తనదంటూ వేరే పుస్తకం, వేరే పావుగంట కూడా ఉండాలి, లేకపోతే అది ఇంటి పని లెక్కలోకి పోతుంది.

నాన్న చదవడు, సిగ్గు. పత్రిక పైకి చదవమనండి. రొయ్యల రేటో, క్రికెట్ స్కోరో. పిల్లలు పక్కన చేరతారు.

అమ్మకో అవ్వకో చదవడం రాదు. మాటల్లేని బొమ్మల పుస్తకాలు తెచ్చుకోండి, బొమ్మ చూసి కథ అల్లడానికి అక్షరం అక్కర్లేదు. లేదంటే పిల్లలు చదువుతారు, అవ్వ ఊ కొడుతుంది. మధ్యలో అవ్వ "యాడికి పోయినాడు వాడు? ఎందుకు పోయినాడు?" అని అడగాలి. చదివేవాళ్ళు వెనక్కి తిప్పి వెతుక్కుని చెప్పాల్సి వస్తుంది. చదువుకున్న అమ్మానాన్నలు పై ఐదో అడుగులో నేర్చుకోవాల్సిన పని చాలామంది అవ్వలకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.